వెనక ఎడమ చక్రం

కొండమీద ఇంటి నుంచి,
వానలు వెలిసిన వారం

చిన్నోడికి,

మీ వదినను రాస్తున్నాను. కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడి ఉంటావు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. నువ్వు అలిగి వెళ్ళిపోయాక నీకు నేను రాయడం ఇదే మొదలు. మీ అన్నయ్యకు చెప్పకుండా రాస్తున్నాను. తెలిస్తే ఏమవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. మీ గని దగ్గర ఫోను పలకదట కదా. అక్కడికి సామాన్లు మోసే లారీ డ్రైవరు మన మలుపు దగ్గర టీకి ఆగినప్పుడు చెప్పాడు. ఉత్తరమిస్తే నీ చేతికిస్తానన్నాడు.

విషయం దున్న గురించి. మామయ్యగారు ఆ పికప్పుకు దున్న అని పేరెందుకు పెట్టారో నాకిప్పుడు బాగా అర్థమవుతోంది. తోస్తే కదలదు, కదిలితే ఆగదు. పొద్దున్నే పాల క్యాన్లతో కిందికి దిగుతుందా, సగం దారి పోయేసరికి వెనక ఎడమ చక్రం దగ్గర ఒకటే కమురు వాసన. టైరు లోపలి వైపంతా నూనె కారి, దానికి మట్టి పట్టి ఉంది. బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు గుంజుతోంది. ఇంకొకటి కూడా ఉంది. బండి కదిలేటప్పుడు ఒకసారి, వెనక్కి తీసేటప్పుడు ఒకసారి, కింద ఎక్కడో 'టక్' మంటుంది. మీ అన్నయ్యను అడిగితే, "ముసలి బండి కదా, ఒళ్ళు విరుచుకుంటోందిలే" అన్నాడు.

ఎవరైనా మెకానిక్కును పిలుద్దామన్నాను. "ఇంట్లో మెకానిక్కు ఉన్నప్పుడే అక్కర్లేకపోయింది, ఇప్పుడు బయటివాడెందుకు?" అన్నాడు. ఇప్పుడు తనే విప్పుతానంటున్నాడు. ఏం చూడాలో, ఏం చేయకూడదో రాసి పంపు. నాకు తోచినట్టుగా చెప్పుకుంటాను.

మీ వదిన


గని వర్క్‌షాపు నుంచి

వదినకు,

ఉత్తరం చేరింది. అన్నయ్య గురించి నేనేమీ రాయను. బండి గురించే రాస్తాను.

నూనె కారడం పెద్ద సంగతి కాదు. ఇరుసు చివర ఆయిల్ సీలు అరిగిపోయి, లోపలి నూనె, చక్రం వెనకున్న డ్రమ్ముకు ఒరుసుకుని బండిని ఆపే బ్రేకు షూల మీద పడుతోంది. సీలూ షూలూ రెండూ మార్చాలి. కడిగి మళ్ళీ వేస్తే లాభం లేదు. నన్ను భయపెట్టింది ఆ టక్ మనే చప్పుడు. ఆ బండిలో ఇరుసు కొన ముల్లంగి దుంపలా సన్నబడుతుంది. చక్రాన్ని పట్టే హబ్బు దాని మీద బిగుసుకుని కూర్చుంటుంది. హబ్బు జారకుండా ఇరుసులో సన్నటి గాడి ఉంటుంది, అందులో కీ అనే వేలెడు ఇనుప ముక్క ఉంటుంది. ఆ గాడి అరిగితే కీ కదులుతుంది, టక్ మంటుంది. అలా కొట్టుకుంటూ కొట్టుకుంటూ గాడి మూల దగ్గర ఇరుసు చిట్లుతుంది. చిట్లింది కంటికి కనబడదు.

హబ్బును సుత్తితో కొట్టకూడదు. పుల్లరు అని లాగే పనిముట్టు ఉంటుంది, దాంతోనే లాగాలి. హబ్బును బిగించిన నట్టు మాత్రం పూర్తిగా ఊడదీయకండి, చివరి మరల మీద ఉండనివ్వండి. హబ్బు వదిలినప్పుడు తుపాకీ గుండులా వస్తుంది. ఇరుసు బయటికొచ్చాక శుభ్రంగా తుడిచి, గాడి చుట్టూ కిరసనాయిలు రాసి, కాసేపాగి మళ్ళీ పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లు. చిట్లి ఉంటే లోపల ఇంకిన కిరసనాయిలు పైకొచ్చి తెల్లపొడి మీద నల్లటి గీత పడుతుంది. పడిందంటే ఆ ఇరుసు ఇక పాత ఇనుముతో సమానం.

ఆ ఇరుసు తీసేసి కొత్తరకంది వేద్దామని నేనన్న రోజు అన్నయ్య ఏమన్నాడో నీకు గుర్తుందా? నువ్వు గుమ్మంలోనే ఉన్నావు. నాన్న బిగించిన ఒక్క బోల్టు కూడా కదపనివ్వనన్నాడు. సరే. ఇప్పుడు ఆ బోల్టులన్నీ తనే విప్పుతున్నాడు.

నా పేరు మాత్రం ఎత్తకు.

చిన్నోడు


కొండమీద ఇంటి నుంచి

చిన్నోడికి,

నువ్వు పేరెత్తకన్నావు. నేనెత్తలేదు కానీ దొరికిపోయేదాన్నే.

పుల్లరు లేదు. "ఉన్నదాంతో కానిద్దాం" అని మీ అన్నయ్య రెండు గడ్డపారలు దూర్చి, మధ్యమధ్య సుత్తితో మొదలుపెట్టాడు. నట్టు పూర్తిగా తీసి పక్కన పెట్టాడు.

"ఆ నట్టు కాస్త తగిలించి కొట్టండి" అన్నాను.

"ఎందుకు?"

"ఒక్కసారిగా వచ్చి మీద పడితే?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? చూస్తుంటే తెలియడం లేదా?"

ఏమనుకున్నాడో ఏమో, నట్టు తగిలించాడు. నాలుగు దెబ్బలు వేశాడో లేదో, ఢామని డ్రమ్ముతో సహా హబ్బంతా ఎగిరొచ్చి ఆ నట్టుకు తగులుకుని ఆగింది. లేకపోతే ఆయన మోకాలి మీద ఆగేది. అక్కడే కూర్చుని నా వైపు చూశాడు. నేను గిన్నెలు తోమాలన్నట్టు లోపలికి వచ్చేశాను.

షూలు నూనెలో నాని ఉన్నాయి. సీలు, షూలు, లోపలి బ్రేకు సిలిండరు, అన్నీ కొత్తవి వేశాడు. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు పెడలు నేనే తొక్కాను. "తొక్కు, పట్టుకో, వదులు" అని కింద నుంచి ఆయన అంటుంటే, పెళ్ళయిన కొత్తలో మామయ్యగారు నన్నిలాగే కూర్చోబెట్టిన రోజు గుర్తొచ్చింది. చివరికి పెడలు కాలి కింద రాయిలా తగిలింది. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

ఆ నవ్వుతో ఈ ఉత్తరం ముగిస్తే బాగుండును.

ఇరుసు తీసిన రోజు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నేను నువ్వు చెప్పినట్టే చేశాను. గీత పడింది. వెంట్రుకంత సన్నంగా, గాడి మూల నుంచి చుట్టూ పాకింది. తుడిచేసి మళ్ళీ చేశాను. మళ్ళీ అక్కడే. ఆయనకు చూపించాను. "రాయి గీసుకున్న గుర్తు అది" అని గుడ్డతో తుడిచేశాడు. తీరా రెండు రోజులాగి, నాతో ఒక్క మాట చెప్పకుండా ఇరుసు తీసుకెళ్ళి ఆ చోట వెల్డింగు పెట్టించి, నున్నగా అరగదీయించి తెచ్చాడు. నమ్మకపోతే అతికించడం ఎందుకు? నమ్మితే అతికించి ఊరుకోవడమేమిటి? నాకు అర్థం కావడం లేదు.

తొందరంతా ఎందుకంటే, మన బండి ఆగిపోయినప్పటి నుంచి పాలకేంద్రంవాళ్ళు మన దారిలో వేరే వ్యాను తిప్పుతున్నారు. వచ్చే సోమవారానికి మన బండి దిగకపోతే ఆ దారి వాళ్ళకే ఇచ్చేస్తామని మేనేజరు కబురు పెట్టాడు. సోమవారమంటే సంత రోజు. పై ఇళ్ళ ఆడవాళ్ళంతా ఎప్పటిలాగే క్యాన్ల మధ్య కూర్చుని వస్తారు. మీ అన్నయ్య ఇప్పటికే అందరికీ చెప్పేశాడు.

అతికించిన ఇరుసు ఆగుతుందా? ఆగుతుందనే రాయి. లేకపోతే త్వరగా రాయి.

మీ వదిన


గని వర్క్‌షాపు నుంచి

వదినా,

ఆగదు.

అక్కడ వెల్డింగు పెడితే ఇనుము కాలి పెళుసవుతుంది. అతుకు నిలుస్తుంది, దాని పక్కన విరుగుతుంది. ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. బరువుతో కొండ దిగేటప్పుడు విరగడానికే ఎక్కువ వీలు.

విరిగితే ఏమవుతుందో చెబుతాను, అన్నయ్యకు ఈ మాటలే చదివి వినిపించు. ఆ బండిలో చక్రాన్ని పట్టి ఉంచేది ఆ ఇరుసు ఒక్కటే. అది విరిగితే చక్రం డ్రమ్ముతో సహా ఊడి బండిని దాటి పోతుంది. డ్రమ్ము లేకపోతే షూలు విచ్చుకుంటాయి, సిలిండరు ఊడి బ్రేకు ఆయిలంతా నేలపాలవుతుంది. నాలుగు చక్రాలకూ ఒకటే గొట్టం. ఒక చోట పోతే నాలుగు బ్రేకులూ పోయినట్టే. ఇంజను కూడా పట్టి ఆపలేదు, గేరు ఎందులో ఉన్నా ఆ బలమంతా విరిగిన వైపు ఉత్తినే తిరుగుతుంది.

బండి కదలనివ్వకు. నా పేరు చెప్పు. నేను రాసినవన్నీ చూపించు. తర్వాత నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ.

నేనే రావాలి. కానీ సొరంగంలో నీళ్ళు తోడే పంపు చెడిపోయింది, లోపల మనుషులు పనిలో ఉన్నారు. అది నడిచేదాకా నన్ను కదలనివ్వరు, కదలడం న్యాయం కూడా కాదు. ఇక్కడి పాత సామాన్ల దొడ్డిలో మన దున్నలాంటిదే ఒకటి తుప్పు పట్టి పడి ఉంది. దాని ఇరుసులు ఇమ్మని అడిగాను. ఇంకా సరేననలేదు.

దారిలో ఎక్కడా ఆగకుండా నీ చేతికే ఇవ్వమని డ్రైవరుకు చెప్పాను.

చిన్నోడు


కింద ఊళ్ళోని ఆసుపత్రి వరండా నుంచి

చిన్నోడికి,

ముందు ఇది చదువు. మీ అన్నయ్య బతికే ఉన్నాడు. నేనూ బతికే ఉన్నాను. ఎవరూ పోలేదు. ఇక మిగతాది.

నీ ఉత్తరం సోమవారం పొద్దున చేరింది. అప్పటికి క్యాన్లు ఎక్కించేశారు. ఆడవాళ్ళు మన వాకిట్లో సంచులతో నిలబడి ఉన్నారు. గుడ్లమ్ముకునే పెద్దమ్మ అప్పటికే బుట్ట బండిలో పెట్టి, కాలెత్తి ఎక్కబోతోంది. నేను అక్కడే చింపి చదివి మీ అన్నయ్య చేతికిచ్చాను. చేతిరాత చూసి మడిచేశాడు.

"చదవండి."

"బండి ఎక్కనీ జనాన్ని. ఆలస్యమవుతోంది."

"మీరు చదవకపోతే నేను చదువుతాను."

చదివాను. అందరికీ వినబడేలా చదివాను. చక్రం బండిని దాటి పోతుందన్న చోట ఆగాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను.

పెద్దమ్మ అడిగింది, "ఏం నాయనా, నీ తమ్ముడు రాసింది నిజమేనా?"

"వాడికి మొదటి నుంచీ ఈ బండంటే పడదు."

"పడుతుందా లేదా అని కాదు నేనడిగింది. నిజమా కాదా?"

ఆయన వెనక తలుపు గొళ్ళెం సరిచేస్తూ నిలబడ్డాడు. పెద్దమ్మ బుట్ట దింపుకుంది. "గుడ్లు పగిలితే కోళ్ళు మళ్ళీ పెడతాయి. నన్నెవరు పెడతారు నాయనా?" అంది. ఒక్కరు కూడా నవ్వలేదు. తను అడ్డదారిలో నడక మొదలుపెడితే మిగతావాళ్ళూ ఒక్కొక్కరే సంచులెత్తుకుని వెనకే వెళ్ళిపోయారు.

మీ అన్నయ్య ముఖం చూడలేకపోయాను. పదిమందిలో ఆయన్ని అంత తక్కువ చేశానే అనిపించింది. కానీ చదవకుండా ఉండాల్సిందని మాత్రం అనిపించలేదు.

"ఎన్నాళ్ళ నుంచి రాసుకుంటున్నారు మీరిద్దరూ?"

"మీరు మెకానిక్కు వద్దన్నప్పటి నుంచి."

ఎక్కి తలుపు వేసుకున్నాడు. నేను చుట్టూ తిరిగి వెళ్ళి రెండో వైపు ఎక్కాను.

"దిగు."

"దిగను."

"అంత భయమైతే ఎందుకెక్కావు?"

"మీరొక్కరే అయితే కోపంతో తొక్కుతారు. నేనుంటే మెల్లగా పోతారు."

నిజంగానే మెల్లగా పోయాడు చిన్నోడా. నడిచే మనిషి దాటిపోయేంత మెల్లగా. ప్రతి మలుపుకూ ముందే బ్రేకు తొక్కి చూసుకున్నాడు, ప్రతిసారీ బండి బుద్ధిగా ఆగింది. కమురు వాసన లేదు, పక్కకు గుంజడం లేదు. నేను తలుపు పిడి పట్టుకున్న చేయి వదల్లేదు. కల్వర్టు దాటాక ఆయన, "చూశావా?" అన్నాడు. గెలిచినట్టు అనలేదు. తనకు తను ధైర్యం చెప్పుకున్నట్టు అన్నాడు.

ఆ తర్వాతి దిగుడులో విరిగింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎండుకట్టె విరిచినట్టు ఒకటి. వెనక ఎడమ మూల కిందికి కూలింది. నా కిటికీ పక్క నుంచి ఒక చక్రం దొర్లుకుంటూ మమ్మల్ని దాటి పోయింది. ఎవరి బండి చక్రమో అనుకున్నాను. ఆ రోడ్డు మీద మా బండి తప్ప ఇంకోటి లేదు. అది తిన్నగా పోయి లోయలోకి దూకింది. మేమూ అటే పోతున్నాం.

ఆయన కాలు పెడలుతో సహా కిందికంటా పోయింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ. "లేదు" అన్నాడు, అంతే. గేరు మార్చాడు, ఇంజను ఊరికే అరిచింది. "హేండ్ బ్రేకు లాగు" అన్నాడు. రెండు చేతులతో లాగాను, తాడు తెగిన బొక్కెనలా వచ్చేసింది. వెనక ఇనుము రోడ్డును గీరుకుంటూ బండిని నా వైపుకు, లోయ వైపుకు లాగుతోంది. ఆయన ఒళ్ళంతా స్టీరింగు మీద వేసి కుడికి తిప్పాడు. "తల వంచుకో" అని అరిచాడు. నేను వంచుకున్నాను. తన వైపునే కొండగట్టుకు కొట్టాడు. కావాలనే కొట్టాడు.

కళ్ళు తెరిచేసరికి పాలు. క్యాన్లన్నీ మూతలూడి రోడ్డంతా పాలు పారుతున్నాయి. అడ్డదారి దిగి వస్తున్న ఆడవాళ్ళు ముందు ఆ పాలు చూశారట, తర్వాత మమ్మల్ని. తలుపు పెకలించి ఆయన్ని లాగింది వాళ్ళే. పెద్దమ్మ తన శాలువా మడిచి ఆయన తల కింద పెట్టింది.

ఆయన వాళ్ళను ఒక్కొక్కరినే చూశాడు. "వీళ్ళు వెనక ఉండి ఉంటే" అన్నాడు. చేయి విరిగినా అరవని మనిషి, అప్పుడు ఏడ్చాడు.

కుడిచేయి రెండు చోట్ల విరిగింది, భుజం ఎముక కూడా. నాకు నుదుటి మీద కుట్లు పడ్డాయి, అంతే. ఈ వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. లోపల ఆయన నిద్రపోతున్నాడో, నటిస్తున్నాడో తెలియదు. నీ ఉత్తరాలన్నీ దిండు పక్కన పెట్టి వచ్చాను.

మీ వదిన


గని వర్క్‌షాపు నుంచి

వదినా,

మొదటి మాటలు చదివి, కాగితం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ తీశాను. చేతులకు మసి ఏమీ లేదు. ఊరికే కడుక్కున్నాను.

నిన్ను బండి ఆపమన్నాను. ఎక్కమనలేదు. నీ మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. నువ్వు లేకపోతే ఏ వేగంలో ఉండేవాడో తలచుకుంటే ఆ కోపం నిలవడం లేదు. ఏం చేయమంటావు?

అన్నయ్య తన వైపు గట్టుకు కొట్టాడని రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. బండి లోయ వైపుకు లాగుతుంటే గట్టు వైపుకు తిప్పి పట్టడం మామూలు బలం కాదు. నేనైతే చేయగలిగేవాణ్ణో లేదో.

ఇరుసులు దొరికాయి. ఎడమదీ కుడిదీ రెండూ పంపుతున్నాను. పొడుగ్గా ఉన్నది ఎడమ వైపుకు. లారీ డ్రైవరు గోనెగుడ్డలో చుట్టి తెస్తాడు. తుప్పు పైపైనే, లోపల మంచి సరుకు. నా వరకు పరీక్షలన్నీ చేశాను.

పంపు నడిచింది. అడిగితే సెలవిస్తారు. కానీ ఆ గుమ్మంలోంచి నన్ను పొమ్మన్నది అన్నయ్య. ఆయన నోటి మాట లేకుండా మళ్ళీ ఎక్కను. నువ్వు పిలిచినా ఎక్కను. పంతమనుకుంటే అనుకో.

నీ నుదురు ఎలా ఉంది?

చిన్నోడు


కొండమీద ఇంటి నుంచి,
చలి తగ్గాక

చిన్నోడికి,

ఇది మీ అన్నయ్య చెబుతుంటే నేను రాస్తున్న ఉత్తరం. కుడిచేయి ఇంకా కట్టులోనే ఉంది. నా మాటలూ మధ్యలో పడతాయి, వద్దన్నా ఆగను.

ఇరుసులు చేరాయని రాయమంటున్నాడు. చేరాయి. దున్నను లాక్కొచ్చి పెరట్లో దిమ్మల మీద పెట్టించామని రాయమంటున్నాడు. గట్టుకు కొట్టిన వైపు తలుపు లేదు, మిగతా ఒళ్ళు నిలిచింది. పాలకేంద్రం దారి ఆ వ్యానుకే పోయిందని రాయొద్దంటున్నాడు. రాశాను. పోయింది. మళ్ళీ ఇస్తారో లేదో తెలియదు. పెద్దమ్మ మాత్రం ఆ వ్యానులో కూర్చోనివ్వడం లేదని రోజూ వచ్చి మీ అన్నయ్య దగ్గర మొత్తుకుంటోంది. బండి ఎప్పుడు లేస్తుందని అడుగుతోంది. ఆమె ఎక్కుతానంటున్నందుకు ఆయన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

నీ ఉత్తరాలు ఆసుపత్రిలోనే చదివాడు. నేను చూడనప్పుడు చదివాడు. ఒక్కోటి ఎన్నిసార్లో తెలియదు, మడతల దగ్గర చిరుగుతున్నాయి.

ఇప్పుడు కాసేపటి నుంచి ఏమీ చెప్పడం లేదు. "ఇంకేం రాయమంటారు?" అన్నాను. "వాడు కుశలమేనా అని రాయి" అన్నాడు. అది ఎప్పుడూ అడిగేదేగా అన్నాను. "ఎప్పుడడిగాను?" అన్నాడు.

గుమ్మం వైపు చూస్తున్నాడు. నాకు విసుగొచ్చి, "ఆ ఒక్క మాటా నన్ను రాయమంటే రాసేస్తానుగా" అన్నాను. "నువ్వు రాస్తే వాడు రాడు" అన్నాడు. నీ పంతం ఆయనకు నాకంటే బాగా తెలుసు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు కాబట్టి.

కలం లాక్కుంటున్నాడు. ఎడమచేత్తో రాస్తాడట. అక్షరాలు పోల్చుకోలేకపోతే నన్ననకు.

ఎడమ ఇరుసు సరిపోతుంది. కుడి వైపుది ఉంచాలో మార్చాలో నాకు తెలియడం లేదు. నువ్వు చూడాలి. ఉత్తరాల్లో చెప్పే పని కాదిది.

అన్నయ్య